వదిన కొలిచిన దారి, మరదలు కుట్టిన డేరా

మార్చి 4

వదినకి,

ఫోను ఎత్తడం మానేశావని అన్నయ్య చెప్పాడు. ఎత్తితే చాలు అందరూ మోకాలు ఎలా ఉందని అడుగుతున్నారట, ఆ మోకాలితోనే మాట్లాడుకోమని ఫోను దాని పక్కన పెట్టేశావట. సరే, నేను దాని ఊసే ఎత్తను. ఉత్తరమైతే పడుకుని చదువుకోవచ్చు, మధ్యలో జవాబు చెప్పే పని కూడా ఉండదు.

ఊసెత్తనన్నాను గానీ ఒక్క ముక్క చెప్పక తప్పదు. నీ మోకాలు మార్చిన డాక్టరు అన్నయ్యకి ఏం చెప్పాడో నాకు తెలుసు. ఏప్రిల్ పదో తారీఖు లోగా ఆ కాలు లంబకోణానికి వంగాలి. రోజూ వంచుతూ, కొద్దికొద్దిగా నడుస్తూ ఉంటేనే వంగుతుంది. లేకపోతే లోపల బిగుసుకుపోయి జన్మంతా చాచిన కాలు చాచినట్టే ఉంటుంది. నువ్వేమో ముప్పై ఒక్కేళ్లు సర్వే శాఖలో కొలత గొలుసు పట్టుకుని కొండలన్నీ తిరిగాను, నా వంతు నడక అయిపోయింది అని గోడవైపు తిరిగి పడుకుంటున్నావట.

ఒంటరిగా నడవాలంటే ఎవరికైనా విసుగే. అందుకని ఒక ఒప్పందం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నువ్వు కొలిచి పటం గీసిన కొండ దారి ఉందే, ఇప్పుడు జనం సరదాకి ఎనిమిది రోజులు డేరాలు మోసుకుంటూ నడుస్తున్నారే, ఆ ఆరు మజిలీల దారిలో నేను నడుస్తాను. నేను కొండ మీద నడిచినన్ని రోజులూ నువ్వు ఇంటి దగ్గర నడవాలి. మీ గుమ్మం నుంచి మొదలుపెట్టి వీధి మూల దాకా. నవ్వకు. పాతికేళ్లుగా కుట్టు మిషను ముందు నుంచి లేవనిదాన్నే, కూరగాయలకి కూడా బస్సెక్కి వెళ్లేదాన్నే. నా చేతనైతే నీ చేత కాదా?

ఏం మోయాలో, ఏం తొడుక్కోవాలో, ఎక్కడ పడుకోవాలో నువ్వే రాయాలి. మీ అటక మీదున్న నీ పాత డేరా అన్నయ్య నీకు చెప్పకుండా పంపించేశాడు. నిన్న వచ్చింది. కాబట్టి నేను మాట వెనక్కి తీసుకునే అవకాశం లేదు, నువ్వూ తీసుకోకు.

నడవబోతున్న
నీ మరదలు


మార్చి 7

మరదలు పిల్లకి,

యాభై రెండేళ్లొచ్చినా నువ్వు నాకు పిల్లవే. నా పెళ్లినాడు గుమ్మం తట్టుకుని బోర్లాపడి, గుమ్మానిదే తప్పని వాదించిన పిల్లవి. ఆ పిల్ల కొండ ఎక్కుతుందంటే నవ్వొద్దంటావు. ఉత్తరం వచ్చినప్పటి నుంచీ నవ్వుతున్నాను, కుట్లు నొప్పెడుతున్నాయి. నా డేరా నాకు చెప్పకుండా పంపినందుకు మీ అన్నయ్యతో మాట్లాడటం లేదు. ఆయన గడియారాలు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు, నేను మాట్లాడటం లేదన్న సంగతి ఇంకా గమనించినట్టు లేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. బూట్లు ఇవాళే కొను, ఇవాళ్టి నుంచే తొడుక్కో. ఇంట్లో, వంటగదిలో, మిషను ముందు కూడా. బూటు నీ కాలికి అలవాటు పడాలంటే దానికి కొంచెం కాపురం చేసే వ్యవధి ఇవ్వాలి. మేజోళ్లు రెండు జతలు వేసుకో, లోపల పల్చనివి, పైన మందంగా ఉన్నవి. రాపిడి ఆ రెండింటి మధ్య జరిగి చర్మం బతికిపోతుంది. మడమ దగ్గర వేడిగా అనిపించగానే ఆగి, బూటు విప్పి, పట్టీ అంటించు. వెనకాల వచ్చేవాళ్లు ఏమనుకుంటారోనని ఆగకుండా పోయినవాళ్లే సాయంత్రానికి బొబ్బలతో కుంటుతారు. గోళ్లు నాలుగు రోజుల ముందే తీసుకో. దిగుడులో బొటనవేలు వెళ్లి బూటు ముక్కుకి గుద్దుకుంటుంది, అప్పుడు నా మాట గుర్తొస్తుంది.

సంచిలో బరువైనవి వీపుకి ఆనేలా, భుజాల మధ్యకి సర్దు. తేలికవి అడుగున. నడుం పట్టీ గట్టిగా బిగించు, బరువు తుంటి మీద పడాలి గానీ భుజాల మీద కాదు. అంతా సర్దాక మళ్లీ అన్నీ బయటికి తీసి ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని, ఇది లేకపోతే నాకు గడుస్తుందా అని అడుగు. గడుస్తుందంటే ఇంట్లో వదిలెయ్యి.

నూలు బట్టలు వద్దు. నువ్వు దర్జీవి, నీకు కోపం వస్తుంది, రానీ. నూలు తడిస్తే ఆరదు, ఒంటికి అతుక్కుని చలి పుట్టిస్తుంది. పడుకునేటప్పటి కోసం ఒక పొడి జత విడిగా కట్టుకో, పగలు ఎంత తడిసినా దాన్ని ముట్టుకోకు. దాహం వేయకముందే తాగు, ఆకలి వేయకముందే గుప్పెడు బాదంపప్పులో ఎండుద్రాక్షో నోట్లో వేసుకో. డేరా పల్లంలో వేయకు, మెత్తగా ఉందని ముచ్చటపడితే వాన నీళ్లన్నీ నిన్ను పలకరించడానికి అక్కడికే వస్తాయి.

ఒప్పందానికి ఒప్పుకుంటున్నాను. నువ్వు రెండో మజిలీ చేరవు కాబట్టి నాకు పోయేదేమీ లేదు.

ఇట్లు,
నవ్వి నవ్వి అలసిన వదిన


మార్చి 11

వదినకి,

నువ్వు చెప్పినట్టే బూట్లతోనే కాపురం చేస్తున్నాను. మిషను తొక్కుతుంటే కాలికి తొక్కుడుబల్ల జాడే తెలియడం లేదు, ఆగాల్సిన చోట ఆగదు, పరుగెత్తాల్సిన చోట పరుగెత్తదు. బడి హెడ్మాస్టరుగారి చొక్కాకి కాలరు ఒక పక్కకి వెళ్లిపోయింది. ఆయన తొడుక్కుని అద్దంలో చూసుకుని, తల కొంచెం పక్కకి వంచితే సరిపోతుందిలే అని మర్యాదగా తీసుకెళ్లారు.

ఇక నీ డేరా. వదినా, దాన్ని విప్పి చూస్తే నాకు ఏడుపొచ్చింది. అది ఎవరు కుట్టారో గానీ, వాళ్ల చేతికి సూది ఇచ్చిన మహానుభావుణ్ణి అనాలి. అంతా వదులు. గాలికి రెపరెపలాడుతుంది. నాలుగు పక్కలా అంగుళంన్నర లోపలికి పట్టి, పైనుంచి కింది దాకా రెండు వరసల కుట్టు వేశాను. పై అంచు బోసిగా ఉందని చుట్టూ సన్నటి పువ్వుల కుట్టు కూడా పెట్టాను. లోపలి వైపు పద్నాలుగు జేబులు. దువ్వెనకొకటి, కళ్లజోడుకొకటి, నీ ఉత్తరాలకొకటి. నువ్వు ముప్పై ఏళ్లు గోనెసంచిలో పడుకున్నావు, ఇప్పుడది డేరా అనిపించుకుంటోంది.

సంచి సర్ది, అన్నీ బయటికి తీసి, ఒక్కొక్కదాన్నీ నువ్వు చెప్పిన ప్రశ్న అడిగాను. అద్దం, ఇస్త్రీపెట్టె, రెండో దిండు గడుస్తుందన్నాయి, వదిలేశాను. ఒక్క వస్తువు మాత్రం లేకపోతే నాకు ఎలాగూ గడవదు. అదేమిటో చెప్పను, నువ్వు తిడతావు.

పదమూడున బయలుదేరుతున్నాను. ఇక మీదట మొదటి మజిలీ చిరునామాకి రాయి. అక్కణ్ణుంచి పై మజిలీలన్నిటికీ రోజు మార్చి రోజు ఒకాయన గాడిదల మీద సామాను, ఉత్తరాలు చేరవేస్తాడట.

బూట్లు విప్పని
మరదలు


మార్చి 13

మరదలా,

ఈ ఉత్తరం నీకంటే ముందు అక్కడికి చేరాలని మీ అన్నయ్యని పరుగెత్తించి బస్సులో వేయించాను. మాట్లాడకూడదనుకున్న మనిషితో దానికోసం మాట్లాడాల్సి వచ్చింది.

అది నీళ్లు దిగని గుడ్డ. దానికి సూది తగలకూడదు. తగిలిన ప్రతి చోటా బెజ్జం, ప్రతి బెజ్జం ఒక కుళాయి. కుట్టిన ఒకటి రెండు చోట్లా కంపెనీ వాళ్లు లోపలినుంచి జిగురు పూసి మూసేస్తారు. నువ్వు రెండు వరసలు కుట్టావు. చాలదన్నట్టు పువ్వులు పెట్టావు. జేబులు పద్నాలుగంటే ఎన్ని బెజ్జాలో నీకే తెలియాలి. పైగా బిగించావు. డేరా వదులుగా ఉండాలి, తాళ్లు లాగి కట్టినప్పుడే అది బిగుస్తుంది, పై గుడ్డకీ లోపలి గుడ్డకీ మధ్య గాలి ఆడాలి. అది చొక్కా కాదు.

కొవ్వొత్తి తీసుకుని కుట్లన్నిటి మీదా, లోపలా బయటా, మందంగా రుద్దు. వాన వస్తే మజిలీలో ఉన్న విడిది గదిలోనే పడుకో, సిగ్గుపడకు.

నేను ఇవాళ గుమ్మం దాకా నడిచాను. చూడు, మాట నిలబెట్టుకుంటున్నాను.

వదిన


మార్చి 17, రెండో మజిలీ

వదినకి,

నీ ఉత్తరం కాస్త ఆలస్యంగా అందింది గానీ, ఏమీ ఫరవాలేదు. కొవ్వొత్తులు రుద్దేశాను. చుక్క కారడం లేదు. డేరా చూసి పక్కవాళ్లంతా ఎక్కడ కొన్నారని అడుగుతున్నారు.

మొదటి మజిలీ నుంచి ఇక్కడికి మూడు గంటలు దిగుడే దిగుడు, హాయిగా జారుకుంటూ వచ్చేశాను. ఎడం పక్కన వాగు పారుతూ ఉంటుంది, కుడి పక్కన దేవదారు చెట్లు. ఇంత తేలికైన దారిని నువ్వు ఏళ్ల తరబడి కష్టం కష్టం అని ఎందుకు చెప్పుకున్నావో నాకు అర్థం కాలేదు. మేజోళ్ల మాట నిజం, కాలికి చిన్న గీత కూడా పడలేదు. రాత్రుళ్లు మాత్రం చలి చంపేస్తోంది, దానికేం చేయాలో రాయి.

గుమ్మం దాకా నడిచావంటే కళ్లు చెమర్చాయి. అన్నయ్యకి చెప్పు, నీ నడక నిమిషాలు లెక్కపెట్టి రాసి ఉంచమని.

దూసుకుపోతున్న
మరదలు


మార్చి 20

మరదలు పిల్లకి,

ఇవాళ వీధి మూల దాకా వెళ్లి వచ్చాను. బేకరీ ఆయన బయటికొచ్చి పలకరించి, మీ నడక చూస్తే ఆపరేషను అయినట్టే లేదన్నాడు. మీ అన్నయ్య గడియారం చూసి పద్నాలుగు నిమిషాలన్నాడు. చాలా?

చలికి చెబుతాను. పడుకునే ముందు ఆకలి లేకపోయినా ఏదో ఒకటి తిను, కడుపులో తిండి ఉంటే ఒళ్లు పొయ్యిలా వెచ్చగా ఉంటుంది. వేడినీళ్లు సీసాలో పోసి, మూత బిగించి, మేజోడులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకో. పొద్దున తొడుక్కోవాల్సిన బట్టలు దుప్పట్లోనే పెట్టుకో, అవి వెచ్చగా ఉంటాయి. కింద పరిచేదే ముఖ్యం, పైన కప్పేది కాదు, నేల లాగేసుకున్నంత వేడిని గాలి లాక్కోదు. ఇంకొకటి, బయటికి వెళ్లాల్సి వస్తే వెంటనే వెళ్లు. చలికి జడిసి తెల్లారేదాకా ఆపుకుని పడుకునేవాళ్లకి నిద్రా ఉండదు, వెచ్చదనమూ ఉండదు. మా పాత ఆఫీసరుగారు ఈ ముక్క కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ గంభీరంగా ఉపన్యాసంలా చెప్పేవారు.

ఇప్పుడు నాకొక సందేహం. మొదటి మజిలీ నుంచి రెండోదానికి దిగుడెక్కడిది? అంతా ఎక్కుడే కదా. వాగు కుడి పక్కన కదా ఉండాలి. నువ్వు దారి తప్పి వేరే కొండ మీద తిరుగుతున్నావేమోనని నాకు బెంగగా ఉంది. మనుషులు కనిపిస్తే నువ్వెక్కడున్నావో అడుగు. మొహమాటపడకు, దారి అడగడానికి సిగ్గుపడ్డ మగవాళ్లని నేను చాలామందిని వెతికి తీసుకొచ్చాను.

బెంగపడుతున్న
వదిన


మార్చి 23, నాలుగో మజిలీ

వదినకి,

దారీ తప్పలేదు, డేరా తప్పలేదు. వాగులు పక్కలు మారతాయి, ముప్పై ఏళ్లయింది కదా నువ్వు చూసి. నేనిప్పుడు నాలుగో మజిలీలో ఉన్నాను. పొద్దున్నే డేరా గుమ్మం తీస్తే సూర్యుడు సరిగ్గా ఎదురుగా లేస్తున్నాడు, కుడిచేతి వైపు చెరువు తళతళలాడుతోంది. ఎంత బాగుందో రాయడానికి నాకు మాటలు చాలవు, అందుకే రాయను.

నీకొక పని చెబుతున్నాను. ఇక్కడ ఒకరి చేతి మిషను దొరికింది. నీకొక పైజామా కుడతాను, కాలు పొడుగునా పక్కన జిప్పు పెట్టి. వ్యాయామం చేసేటప్పుడు మోకాలి దాకా తీసేసుకోవచ్చు. అన్నయ్యని టేపు తీసుకుని రెండు తొడలూ మోకాలికి జానెడు పైన చుట్టుకొలత తీయమను. పిక్కలు కూడా. ఆయన చేత్తోనే రాయించు, నీ అంకెలు నాకు అర్థం కావు.

నీ పద్నాలుగు నిమిషాలు విని గాడిదలాయనకి కూడా చెప్పాను. ఆయన నిన్నెప్పుడూ చూడకపోయినా సంతోషించాడు.

కొండమీద నుంచి
నీ మరదలు


మార్చి 25

మరదలా,

కొలతలు మీ అన్నయ్య రాసిన చీటీ ఇందులో పెట్టాను. ఎడమ తొడ ఇరవై అంగుళాలు, కుడి తొడ పదిహేడున్నర. పిక్కలు పద్నాలుగు, పన్నెండున్నర. టేపు మూడుసార్లు చుట్టి చూశాడు. గడియారం పళ్లచక్రాలు కొలిచే మనిషి, నా తొడ కూడా ఆయనకి అలాంటి పనే.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. నాలుగో మజిలీకి తూర్పున నిలువు గుట్ట ఉంది. అక్కడ తొమ్మిదింటి దాకా సూర్యుడు కనపడడు. చెరువు కుడి పక్కన లేదు, ఎడమ పక్కన ఉంది. నాకు నిద్ర పట్టలేదు. పెట్టెలోంచి నా పాత పటం తీయించి, నీ ఉత్తరాలు పక్కన పెట్టుకుని, కొండ అటుది ఇటు తిరిగిందా అని ఒకటే చూశాను. చివరికి విసుగొచ్చి పటాన్ని తలకిందులుగా పట్టుకున్నాను. అంతే, నువ్వు రాసినవన్నీ అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. దిగుడు, వాగు, చెరువు, అన్నీ, నువ్వు సొంతంగా కల్పించిన ఆ సూర్యుడు తప్ప.

అంటే అవతలి కొస నుంచి నడిచి వచ్చేవాళ్లు చెప్పిన కబుర్లు విని రాస్తున్నావు. అవతలి కొస నుంచి వచ్చేవాళ్లందరూ ఎక్కడ ఆగుతారు? మొదటి మజిలీలో. నువ్వు అక్కడే ఉన్నావు. అక్కణ్ణుంచి కదల్లేదు. బస్సు దిగిన చోటి నుంచి మొదటి మజిలీ ఆరువందల గజాలు, గొలుసు పట్టి నేనే కొలిచాను. ఆరువందల గజాలు నడిచి, ఎనిమిది రోజుల కొండయాత్ర అని నా చెవిలో పువ్వులు పెడతావా?

నేను మాత్రం రోజూ వీధి మూలకి వెళ్లి వస్తూనే ఉన్నాను. మాట అంటే అదీ.

సర్వేయరు


మార్చి 27, మొదటి మజిలీ

వదినకి,

దొరికిపోయాను. ఇక బుకాయించను.

నేను వదల్లేక సంచిలో పెట్టుకున్నది నా చేతి మిషను. పన్నెండు కిలోలు. నువ్వు చెప్పినట్టే వీపుకి ఆనేలా సర్దాను. బస్సు దిగి ఆ ఆరువందల గజాలు నడిచేసరికి నాకు కళ్లముందు చుక్కలు కనిపించాయి. ఆ సాయంత్రమే మజిలీ పక్కన డేరా వేశాను, వాన మొదలైంది. వదినా, పువ్వు పువ్వు నుంచీ నీళ్లు. పద్నాలుగు జేబులూ నిండాయి. కళ్లజోడు ఒక జేబులో తేలుతూ కనిపించింది. కొవ్వొత్తి ఉత్తరం మర్నాడు పొద్దున వచ్చింది.

తర్వాత లోపలి గదిలో మిషను ఆరబెట్టుకుంటూ ఉంటే, అవతలి నుంచి వచ్చినవాళ్లు ఒకరు తెగిన సంచి పట్టీ ఇచ్చారు. తర్వాత ఇంకొకరు చిరిగిన లాగు. ఇప్పుడు గుమ్మం బయట వరసలో నిలబడుతున్నారు. పైకి వెళ్లేవాళ్లకి నీ మేజోళ్ల చిట్కా, సీసా చిట్కా నేనే చెబుతున్నాను, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషిలా. వాళ్లు తలలూపి నడిచి వెళ్తున్నారు, నేను కూర్చుంటున్నాను. నిజం రాస్తే నువ్వు నడక మానేస్తావని భయపడి అబద్ధాలు రాశాను.

ఇప్పుడు నీ సంగతి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు నీ కాలికి పట్టీ కుట్టడానికి కొలత తీసింది నేనే. నా పుస్తకంలో ఉంది, కుడి తొడ పంతొమ్మిది. ఇప్పుడు పదిహేడున్నర. పాతికేళ్లుగా మనుషుల ఒళ్లు కొలుస్తున్నాను. మనుషులు నాతో చాలా చెబుతారు, బరువు తగ్గామనీ, నడుస్తున్నామనీ. టేపు పట్టుకున్నాక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. రోజూ పద్నాలుగు నిమిషాలు నడిచే కాలు అంగుళంన్నర కరిగిపోదు. నువ్వు వీధి మూల దాకా కాదు, మంచం కోడు దాకా కూడా వెళ్లలేదు. బేకరీ ఆయన నిన్ను చూసింది నీ ఊహలో.

నువ్వు పట్టుకుంటే నాకు నవ్వొచ్చింది. నేను పట్టుకున్నాక మాత్రం ఏడ్చాను. ఇంకా పద్నాలుగు రోజులే ఉన్నాయి. నువ్వు ఇంట్లో నడుస్తుంటే చప్పుడుకే గిన్నెలు సర్దుకునేవి, అలాంటి మనిషివి కాలు చాచుకుని ఒక మూల కూర్చుండిపోతే నేను చూడలేను. నాకు భయంగా ఉంది వదినా. ఎందుకు లేవడం లేదో నాకైనా చెప్పు.

నీ మరదలు


మార్చి 30

మరదలా,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యని కేకలేశాను. రోజూ నడుస్తోందని చెప్పమంటే ఒప్పుకున్నవాడివి, ఆ కొలత కాస్త పెంచి రాస్తే ఏం పోయిందన్నాను. నోటితో ఎన్నయినా చెబుతాను గానీ అంగుళం దగ్గర అబద్ధం రాయలేనన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ సంగతి నాకు తెలియదు.

ఎందుకు లేవడం లేదని అడిగావు. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఆసుపత్రిలో రెండో రోజు నర్సు పక్కకి తిరిగింది, నేనే లేచి చూద్దామని లేచాను. కాలు నాది కానట్టు మడతపడిపోయింది. నేల మీద పడ్డాను. దెబ్బ తగల్లేదు. నర్సు వచ్చేసరికి మంచం పట్టుకుని లేచి కూర్చున్నాను, ఏమీ జరగనట్టు. కానీ ఆ రోజు నుంచి కాళ్లు నేలకి ఆనితే చాలు, గుండె జారిపోతోంది. లోయ అంచున నిలబడి దుర్భిణి బిగించినదాన్ని, గాలివానలో పటం నోట కరుచుకుని దిగినదాన్ని. మంచానికీ నేలకీ మధ్య మూరెడు ఎత్తు, దాన్ని చూసి వణుకుతున్నాను. ఇది నలుగురికి ఎలా చెప్పను? నడక అయిపోయిందని చెప్పడం తేలిక.

నీ ఉత్తరం వచ్చిన రోజే లేచాను. మీ అన్నయ్య ఒక పక్క, కిటికీ ఒక పక్క. మూడు అడుగులు. ఏడ్చాను, నొప్పికి కాదు. తర్వాత కాలు కింద చెక్క పెట్టి, నా పాత కోణమానిని తీసి కొలిచాను. యాభై నాలుగు డిగ్రీలు. ఇంకా ముప్పై ఆరు కావాలి. పదకొండు రోజులున్నాయి. లెక్క కుదురుతుందో లేదో తెలియదు.

నువ్వు ఇంటికి వెళ్లిపో. హెడ్మాస్టరుగారు ఎన్నాళ్లని తల వంచుకుని తిరుగుతారు.

వదిన


ఏప్రిల్ 4, రెండో మజిలీ, ఈసారి నిజంగానే

వదినకి,

ఎక్కుడే వదినా. అంతా ఎక్కుడే. వాగు కుడి పక్కనే ఉంది, నువ్వు పెట్టిన చోటే.

మిషను కింద వదిలేసి, అరువు డేరాతో బయలుదేరాను. మూడు గంటల దారి ఆరు గంటలు నడిచాను. మడమ వేడెక్కగానే ఆగాను, వెనకవాళ్లు చూస్తున్నా బూటు విప్పి పట్టీ వేశాను. దాహం కాకముందే తాగాను. నువ్వు చెప్పినవన్నీ చేశాను, ఒక్క గోళ్లు మరిచిపోయాను. రేపు దిగాలి, అప్పుడు తెలుస్తుంది. మధ్యలో ఒకచోట కూర్చుని, ఇక నా వల్ల కాదని ఏడుపు మొహం పెట్టాను. అప్పుడు నీ మూడు అడుగులు గుర్తొచ్చాయి. నావి వెయ్యి వేసినా ఆ మూడింటికి చాలవనిపించి లేచాను. పైకొచ్చాక రొట్టె, ఉడకేసిన బంగాళాదుంపలు తిని, చీకటి పడకముందే నిద్రపోయాను.

ఇంటికి వెళ్లను. మొదటి మజిలీకి దిగి అక్కడే ఉంటాను. పదో తారీఖున డాక్టరు కొలిచిన అంకె రాసి పంపు. ఒక్క అంకె చాలు, కబుర్లు వద్దు. ఎంతైనా సరే నిజమే రాయి. తక్కువైతే నిన్ను తిట్టను, వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

నీ మరదలు


ఏప్రిల్ 11, ఉదయం

మరదలా,

ఈ కాగితం గాడిదలాయన చేతికిస్తున్నాను. ఆయన నన్ను గాడిద ఎక్కమని బతిమాలాడు. వద్దన్నాను. ఇన్నాళ్లూ నా పద్నాలుగు నిమిషాలకి సంతోషించిన మనిషి కాబట్టి మర్యాదగానే వద్దన్నాను.

అంకె పంపమన్నావు. నిన్న డాక్టరు కొలిచి ఎనభై ఆరు అన్నాడు. అతని పరికరం సరిగా పట్టుకోవడం లేదని నాది తీసి కొలిచి ఎనభై తొమ్మిది అన్నాను. కాసేపు వాదించుకున్నాం. చివరికి అతను, ఏదైనా సరే ఇక బిగుసుకుపోదు, మానకుండా నడవండి, మిగతాది అదే వస్తుంది అన్నాడు. ఎంత దూరం నడవొచ్చని అడిగితే, ఓపికున్నంత అన్నాడు. అతనికి నా సంగతి తెలియదు.

మీ అన్నయ్య రెండు చేతికర్రలు, సంచి, గడియారం పట్టుకుని వెనకాల వస్తున్నాడు. ప్రతి యాభై గజాలకీ ఎన్ని నిమిషాలైందో చెబుతున్నాడు, చెప్పొద్దన్నా చెబుతున్నాడు. రెండు చోట్ల కాలు వణికింది. ఒకచోట నిలబడిపోయి ముందుకీ వెనక్కీ కదల్లేకపోయాను. అప్పుడు ఆయన చెయ్యి ఇవ్వలేదు, గడియారం జేబులో పెట్టేసుకుని పక్కన నిలబడ్డాడు. మళ్లీ కదిలాను.

బస్సు దిగిన చోటి నుంచి నాలుగువందల పది గజాలయ్యాయి. దారి పక్కన ఒక రాయి మీద కూర్చున్నాను. కాలు చాచి కాదు, వంచి. ఈ కాగితం ఆ మోకాలి మీదే పెట్టుకుని రాస్తున్నాను.

మజిలీ గుమ్మం ఇక్కడికి కనిపిస్తోంది. ఇది చదవగానే నువ్వు పరుగెత్తుకొస్తావు. రావద్దు. వచ్చి చెయ్యి పట్టుకుంటే వదలబుద్ధి కాదు. అక్కడే నిలబడి చూస్తూ ఉండు.

నేనే వస్తున్నాను.

వదిన